ఓడ వెళ్ళే ఊరు

కొరియా మా ఇంటికి మొదట ఊరగాయగా వచ్చింది. చదువుగా రావడానికి ఆ తర్వాత చాలా ఏళ్ళు పట్టింది. ఊరగాయగానే ఉండిపోయినా బాగుండేదని కోపం వచ్చినప్పుడల్లా అనుకుంటాను. నాకు కోపం తరచుగానే వస్తుంది.

నాన్న పోర్టులో పనిచేసేవాడు. ఎలమంచిలి దగ్గర పల్లెలో తన వాటా మెట్ట అన్నదమ్ములకు వదిలేసి విశాఖపట్నం వచ్చి కలాసీగా చేరాడు. డెబ్బైల చివర్లో, ఔటర్ హార్బరు వచ్చాక, ఓడల్లోకి ఇనుప ఖనిజం ఎక్కించే బెర్తు దగ్గర ఫోర్‌మన్ అయ్యాడు. కొండల్లోంచి రైలు మీద దిగిన ఆ ఎర్రమట్టి రోజంతా బెల్టుల మీద పరిగెత్తి ఓడలో పడేది. అందులో కొంత నాన్న చెవుల్లోనూ కనుబొమల్లోనూ పడేది. అమ్మ ఆయన చొక్కాలను వేరే బకెట్టులో ఉతికేది. ఒకసారి పొరపాటున నా తెల్ల యూనిఫాం వాటితో కలిసింది. ఆ ఏడంతా గులాబీ రంగు చొక్కాతోనే బడికి వెళ్ళాను.

ఆ మట్టిని పట్టుకెళ్ళే ఓడల్లో కొరియా వాళ్ళ ఓడ ఒకటి ఉండేది. దాని వంటాయన పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ నవ్వు మొహంతో ఉండేవాడు. పచ్చిమిరపకాయలు ఎక్కడ దొరుకుతాయని నాన్నను సైగలతో అడిగాడట. నాన్న మర్నాడు పూర్ణా మార్కెట్ నుంచి సంచి నిండా పట్టుకెళ్ళి ఇచ్చాడు. స్నేహం అలా మొదలైంది. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు కలిపినా పోస్టుకార్డు నిండదు. అయినా ఓడ వచ్చినప్పుడల్లా కూర్చుని తెగ మాట్లాడుకునేవాళ్ళు.

ఒక ఆదివారం నాన్న ఆయన్ని క్వార్టర్సుకే తీసుకొచ్చాడు. అమ్మ పీట వేసి, విస్తరి వేసి వడ్డించింది. ఆయన ఆవకాయ ముక్క ఒకటి అన్నంలో కలపకుండా నేరుగా నోట్లో వేసుకున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. నవ్వుతూనే రెండో ముక్క అడిగాడు. వెళ్ళేటప్పుడు సంచిలోంచి గాజు జాడీ ఒకటి తీసి అమ్మ చేతిలో పెట్టాడు. క్యాబేజీని కారంలో ఊరబెట్టినది. మూత తీయగానే వాసన వీధి చివరి దాకా పోయింది. అమ్మ దాన్ని పెరటి గోడ మీద పెట్టింది కానీ పారెయ్యలేదు. ఇచ్చినవాళ్ళ గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, నాన్న తినడం అయ్యాక జాడీ కడిగి, మాగాయ నింపి, నాన్నతో ఓడకి పంపింది.

"ఊరగాయ పెట్టుకుంటారంటే మనలాటోళ్ళే" అని ఆ దేశం గురించి తీర్పు చెప్పేసింది.

నేను ఇక్కడే యూనివర్సిటీలో మెటలర్జీ చదివాను. ఆ రోజుల్లో ఆ క్లాసులో ఆడపిల్ల ఉండటం వింతే. ఊరికి అటువైపు ఉక్కు ఫ్యాక్టరీ లేస్తోంది. కొలుములు, పొగగొట్టాలు ఒక్కొక్కటే ఆకాశంలోకి వెళ్తుంటే బస్సులో కిటికీ పక్క సీటు కోసం నేను కొట్లాడేదాన్ని. నాన్న బెర్తు దగ్గర చూసే ఎర్రమట్టి కొలిమిలో ఇనుముగా ఎలా మారుతుందో, మన మట్టి ఎక్కడ పొడైపోతుందో, ఎందుకు పొడైపోతుందో తేల్చాలని నాకు పట్టుదల. దాని మీద సియోల్‌లో ఒక ప్రొఫెసరు రాసిన వ్యాసం లైబ్రరీలో దొరికింది. అర్థమైనది సగమే. ఆ సగాన్నీ నెలల తరబడి మళ్ళీ మళ్ళీ చదివాను. ఆ మనిషి దగ్గరికి వెళ్ళి మిగతా సగం అడగాలని ఉండేది.

అప్పుడే, ఎనభైల చివర్లో, మా ప్రొఫెసరుగారు నన్ను గదిలోకి పిలిచారు. గుంటూరు వైపు మనిషి, మెల్లగా మాట్లాడేవారు.

"కొరియా ప్రభుత్వం మన పిల్లలకు పై చదువుకి స్కాలర్‌షిప్పు ఇస్తోందమ్మా. ఈసారి మన డిపార్ట్‌మెంటు నుంచి ఒక పేరు పంపమన్నారు. నీ పేరు పంపుతున్నాను. ముందు ఒక ఏడు వాళ్ళ భాష నేర్పుతారు, తర్వాత ఎం.టెక్. ఏ యూనివర్సిటీలో చదవాలో మాత్రం నువ్వే రాయాలి. ఒక్క పేరే. రాశాక మార్చడానికి లేదు."

బల్ల మీద రెండు పుస్తకాలు పెట్టారు. ఒకటి సియోల్‌లోని ప్రభుత్వ యూనివర్సిటీది. అక్కడ అన్నిటికన్నా పెద్దది, కొండ పాదాన ఉంది. నేను చదివిన వ్యాసం రాసిన మనిషి అక్కడే. రెండోది అదే నగరంలోని ప్రైవేటుది. రాతి భవనాలు, గోడలంతా తీగలు, చెట్ల కింద పుస్తకాలు పట్టుకుని నవ్వుతున్న అమ్మాయిలు. మా ఇంట్లో వాటి పేర్లు ఎవరికీ నోరు తిరగలేదు కనక అమ్మ ఒకదాన్ని పెద్దది అంది, రెండోదాన్ని రాతిది అంది. అవే ఖాయమయ్యాయి.

మొన్న సీతమ్మధారలో మా పక్కింటి పిల్ల ఫోను పట్టుకొచ్చి, "ఆంటీ, కొరియాలో ఈ నాలుగు యూనివర్సిటీల్లో ఏది బాగుంటుందంటారు?" అని అడిగింది. ఏ యూనివర్సిటీలో ఏ సబ్జెక్టుకి ఎంత పేరు, హాస్టలు గదిలో మంచం ఎటువైపు ఉంది, అన్నీ వేలి చివర ఉన్నాయి దానికి. "నన్నెందుకే అడుగుతావు, నీకు అన్నీ తెలుసుగా" అని కసిరాను పాపం. మాకప్పుడు ఉన్నవి రెండు పుస్తకాలూ, అందులో కొన్ని బొమ్మలూ. మిగతాదంతా మాకు తెలిసిన లోకంతో పూరించుకోవలసిందే. మాకు తెలిసిన లోకం పోర్టు.

నాకు పెద్దదే కావాలి. అందులో నాకు ఒక్కరోజు కూడా సందేహం లేదు. ఆ సాయంత్రం వంటింటి గుమ్మంలో కూర్చుని అమ్మకూ నాన్నకూ చెప్పాను. స్కాలర్‌షిప్పు అంటే ఏమిటో, పైసా ఖర్చు లేదనీ చెప్పాను. నాన్న మొహం వెలిగిపోయింది. అమ్మ వంకాయలు కోస్తూ అంతా విని ఒకే ప్రశ్న అడిగింది.

"ఆ ఊరికి మన రేవు నించి ఓడెల్తాదా?"

నాన్న ఆలోచించాడు. "సియోలుకా? ఆ ఊరికి సముద్రం లేదు. లోపలెక్కడో ఉంటాదంట."

"అయితే నానొప్పను. ఓడ ఎల్లని ఊరికి ఆడగుంటనెలాగ పంపుతాం? రేపు దానికి జొరమొస్తే మనకెవులు సెప్తారు?"

ఇది మూర్ఖత్వమని నేను అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు పూర్తిగా అలా అనుకోలేను. మా పోర్టు క్వార్టర్సులో దూరదేశం అంటే ఓడ వెళ్ళే దేశం. ఓడల మీద పనికి పోయిన కొడుకు కబురు మరో ఓడలో వచ్చిన మనిషి నోట వచ్చేది. సబ్బులు, గొడుగులు, ట్రాన్సిస్టర్లు అలాగే వచ్చేవి. ఓడలో మనకు తెలిసిన మనిషి ఒకడుంటే సింగపూర్ కన్నా శ్రీకాకుళం దూరం. పల్లెలో ఉన్నప్పుడు మా తాత రోడ్డు లేని ఊరికి పిల్లనివ్వనని మా అత్తకు వచ్చిన మంచి సంబంధం తిప్పి పంపాడట. అమ్మ ఆ లెక్కే వేసింది, రోడ్డు బదులు ఓడ పెట్టింది.

"విమానాలుంటాయమ్మా" అన్నాను.

"ఇమానంలో నీకు ఊరగాయ జాడీ పంపనిత్తారా? మీ నాన్ననెక్కనిత్తారా?"

ఇంజనీరింగు చదివిన నోరు మూతపడింది.

దానికి తోడు పేపరు ఒకటి. ఆ ఏడు సియోల్‌లో కాలేజీ పిల్లలు రోడ్ల మీదకి వచ్చారు. పోలీసులు టియర్ గ్యాస్ వదులుతుంటే ముక్కులకు గుడ్డలు కట్టుకుని పరిగెడుతున్న పిల్లల ఫోటోలు మన పేపర్లలో కూడా పడ్డాయి. నాన్నతో కలిసి పనిచేసే ఎదురింటాయన పాత పేపరు కాగితం ఒకటి జాగ్రత్తగా మడిచి తెచ్చాడు. మనకి మేలు చేద్దామనుకునేవాళ్ళు ఇలాంటివి దాచుకుని మరీ తెస్తారు.

"బావా, ఇది సూడు. కాలేజీ గేటు కాడే పొగబాంబులెత్తన్నారంట. గుంటనక్కడికి పంపుతావేటి?"

పెద్దదీ రాతిదీ రెండూ ఆ నగరంలోవే కనక రెండూ ఒకేసారి పోయాయి. అమ్మ ఆ పేపరు ఆయన దగ్గర అడిగి తీసుకుని దేవుడి గూట్లో పెట్టింది, నేను మళ్ళీ ఆ మాట ఎత్తితే చూపించడానికి.

నాన్న మాత్రం నన్ను పంపాలనే ఉన్నాడు. అది నేను ఎప్పుడూ మరిచిపోను. ఆ వారంలోనే కొరియా ఓడ వచ్చింది. డ్యూటీ దిగగానే నాన్న ఓడెక్కి వంటాయన దగ్గరికి వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు వీధి మొగలోంచే నన్ను పిలుస్తూ వచ్చాడు. స్నానం కూడా చెయ్యకుండా, ఎర్రటి మొహంతోనే చెప్పడం మొదలుపెట్టాడు.

"దొరికీసింది! మన ఓడ ఎల్లి ఆగే ఊరే ఆడి ఊరంట. అక్కడా ఉక్కు ఫేక్టరీ ఉంది. దాని పక్కనే కొత్తగా పేద్ద కాలేజీ కట్టేరంట. దేశంలో తెలివైన పిల్లలందర్నీ ఏరుకుని తెత్తన్నారంట. ఆడిల్లు అక్కడికి దగ్గరేనంట. మీ గుంటని మా కూతుర్లాగ సూసుకుంటామని గుండె మీద సెయ్యేసి సెప్పేడు."

అమ్మ మొహంలో మొదటిసారి ఒప్పుకోలు కనిపించింది. ఓడ వెళ్తుంది. తెలిసిన మనిషి ఉన్నాడు. ఆయనకో భార్య ఉంది. ఆవిడ ఊరగాయ పెడుతుంది. ఇక కావలసిందేమిటి? మూడోదానికి అక్కడికక్కడే ఉక్కుది అని పేరు పెట్టేసింది.

మర్నాడు ప్రొఫెసరుగారికి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఆ కాలేజీ సంగతి నేనూ విన్నానమ్మా. రేపు చాలా పైకి వస్తుంది, అనుమానం లేదు. కానీ నిన్నగాక మొన్న పెట్టారు. నీకు కావలసిన పై క్లాసులు మొదలుపెట్టారో లేదో, బయటి దేశాల వాళ్ళని తీసుకుంటారో లేదో నాకు తెలియదు. రాసి కనుక్కుంటాను. కానీ జవాబు వచ్చేలోపు గడువు దాటిపోతుంది. నా మాట విని పెద్దదే రాయి."

ఆ మాట ఇంటికి మోసుకొచ్చాను. నాన్న గడప మీద కూర్చుని, "వంటాయన అబద్ధమాడ్డమ్మా" అన్నాడు. నిజమే, ఆయన ఒక్క అబద్ధం ఆడలేదు. ఆ ఊళ్ళో కాలేజీ ఉంది, పెద్దదే, కొత్తదే, పక్కనే. ఆయన్ని అడిగింది కాలేజీ ఉందా అని. ఆయన ఉందన్నాడు. వంట చేసుకునే మనిషిని ఎం.టెక్ క్లాసుల గురించి అడగాలని ఎవరికి తోస్తుంది?

అమ్మ చివరి మాట చెప్పేసింది. "ఉక్కుదైతే ఎల్లు. నేపోతే ఇక్కడే ఏదో ఉజ్జోగం సూసుకో. మూడో మాట లేదు."

ఏదీ లేకపోవడం కన్నా ఉక్కుది నయం కదా. సముద్రం దాటాక ఎలాగోలా ఆ ప్రొఫెసరు దగ్గరికి చేరొచ్చని కూడా లోపల ఒక ఆశ. ఉక్కుదే రాశాను. నాన్న ఆ రోజు జిలేబీ తెచ్చి వీధి వీధంతా పంచాడు. వంటాయన ఓడ వెళ్ళిపోయే ముందు బెర్తు దగ్గరికి వెళ్ళి, మార్చిలో వాళ్ళ కాలేజీలు తెరుస్తారట, అప్పటికి మా అమ్మాయి వస్తుందని చెప్పొచ్చాడు.

సంక్రాంతి సెలవులు అయిపోయాక కాలేజీ వరండాలో ప్రొఫెసరుగారు ఎదురొచ్చారు. నిలబెట్టి చెప్పారు. ఢిల్లీ నుంచి ఫోను వచ్చిందట. నా మార్కులకి, అంతకు ముందు ఢిల్లీ వెళ్ళి నేనిచ్చిన ఇంటర్వ్యూకి ఏ వంకా లేదట. కానీ నేను రాసిన కాలేజీలో నా పై క్లాసులు ఇంకా మొదలే కాలేదు. వేరే పేరు రాయడానికి నియమం ఒప్పుకోదు. ఆ చోటు వేరే రాష్ట్రం పిల్లవాడికి వెళ్ళిపోయింది.

"పెద్దది రాసి ఉంటే వచ్చేదమ్మా" అన్నారు ఆయన. మెల్లగా అన్నా అంతా వినిపించింది.

ఇంటికి వచ్చి చెప్తే అమ్మ, "పోన్లే, ఏది జరిగినా మన మంచికే" అంది. ఆ మాట మొదట అన్నవాడెవడో నా చేతికి చిక్కలేదు గానీ, చిక్కి ఉంటే వాడికి ఆ రోజు మంచి జరిగేది కాదు. నాన్న డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆ నెలంతా నాతో మాట్లాడేటప్పుడు నా మొహం వైపు చూడకుండా నా చెప్పుల వైపు చూసేవాడు. నేను ఆయన్ని తిట్టలేదు. తిట్టే మాటలు లేక కాదు. తిడితే ఆ మనిషి తట్టుకోలేడని తెలిసి, ఆ తిట్లన్నీ నాలోనే ఉంచుకున్నాను. కొన్ని ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

వంటాయనకి కబురు చెప్పాలి. ఆయన ఓడ ఆ చలికాలం మన రేవుకి రాలేదు, ఏదో వేరే దారిలో తిరుగుతోందట. మరో కొరియా ఓడ వస్తే దాని మనిషి ఒకడికి నాన్న చేతులూ కాళ్ళూ ఊపి చెప్పొచ్చాడు. వాడు తల ఊపాడట. అర్థమై ఊపాడో, మర్యాదకి ఊపాడో తెలియదు.

మే నెలలో వంటాయన ఓడ వచ్చింది. ఎండ మండిపోతోంది. నాన్న వెంట ఆయన మా గుమ్మంలోకి వచ్చాడు. చంకలో పెద్ద మూట. నన్ను చూసి ఆగిపోయాడు. నవ్వు మొదలై సగంలో నిలిచిపోయింది.

"నువ్వు? ఇక్కడ?" అన్నాడు ఇంగ్లీషులో.

మా ఇంట్లో ఆయన ముక్కల ఇంగ్లీషు సరిగ్గా పోల్చుకోగలిగింది నేనొక్కదాన్నే. అందుకని ఆయన నా గురించి చెప్పేవన్నీ నేనే తెలుగులో అమ్మానాన్నలకి చెప్పాల్సి వచ్చింది. మార్చిలో కాలేజీ తెరిచిన రోజున వాళ్ళావిడ గేటు దగ్గరికి వెళ్ళిందట. అన్నం డబ్బా పట్టుకుని. ఇండియా అమ్మాయి ఎవరైనా వస్తుందేమోనని చీకటి పడే దాకా నిలబడిందట. మర్నాడు మళ్ళీ వెళ్ళిందట. ఆ వారమంతా వెళ్ళిందట. అమ్మాయికి చలి అలవాటు ఉండదని ముందే దూది పెట్టి కోటు కుట్టించి ఉంచింది. ఎవరూ రాకపోతే, జబ్బు చేసి ఆగిపోయిందేమో, ఓడలో పట్టుకెళ్ళి ఇవ్వమని మొగుడి చేతికిచ్చింది. మూట విప్పాడు. ముదురు నీలం కోటు.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పేరు కూడా తెలియని మనిషి తన కూతురి కోసం చలిలో వారం రోజులు నిలబడటం ఆవిడ ఊహకి అందలేదు.

నేను ఆయనకి జరిగింది చెప్పాను. మీ ఊరి కాలేజీలో నా క్లాసులు ఇంకా లేవు, అవి ఉన్నది సియోల్‌లో. సియోల్ మీకు దూరం కనక మావాళ్ళు ఒప్పుకోలేదు అన్నాను. ఆయన నా మొహంలోకి చూశాడు, అర్థం కానట్టు.

"సియోల్ దూరమా? బస్సు ఉంది. పొద్దున్న ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి సియోల్. మా ఆవిడ చెల్లెలు అక్కడే. నెలనెలా వెళ్తుంది. నువ్వు అక్కడుంటే నీ దగ్గరికీ వచ్చేది."

"ఏటంటన్నాడు?" అంది అమ్మ.

చెప్పకుండా ఊరుకుంటే బాగుండేదేమో. కానీ నేను అంత మంచిదాన్ని కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను, బస్సుతో సహా, భోజనంతో సహా.

అమ్మ నాన్న వైపు తిరిగింది. "ఆ ముక్క అప్పుడే అడక్కపోయేవేటయ్యా?"

"ఓడెల్తాదా అనే అడిగేను" అన్నాడు నాన్న. "బస్సు సంగతి నాకు తట్టలేదు."

వంటాయనకి మాటలు తెలియకపోయినా ఏదో తప్పు మాట అన్నానని అనిపించినట్టుంది. నవ్వు తెచ్చుకుని, కోటు తీసి నాకు అందించాడు. వేసుకుని చూపించమన్నాడు, సరిపోయిందో లేదో వాళ్ళావిడకి చెప్పాలట. ఆ మే నెల ఎండలో, ఫ్యాను కింద, ఆ దూది కోటు వేసుకుని మా వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. సరిగ్గా సరిపోయింది. వీపు మీద చెమట కారుతోంది. ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు, ఏడ్చేశాను.

ఆయన కంగారుపడి, వచ్చే ఏడాది అన్నాడు. వచ్చే ఏడాది తప్పకుండా రా. మా ఆవిడ మళ్ళీ వస్తుంది, ఈసారి ఏ గేటు దగ్గరికి రమ్మంటే ఆ గేటు దగ్గరికి వస్తుంది. వస్తావు కదా?

వస్తానన్నాను.

వచ్చే ఏడు ఆ అవకాశం మా డిపార్ట్‌మెంటుకి రాదని అప్పటికే ప్రొఫెసరుగారు నాకు చెప్పారు. వేరే యూనివర్సిటీకి వెళ్తుందట. ఆయన కూడా ఆ వేసవికే రిటైరయ్యారు. ఆ సంగతి నేను ఇంట్లో ఇంకా చెప్పలేదు.

వంటాయన్ని బస్సెక్కించి వచ్చాక నాన్న నా పక్కన కూర్చున్నాడు. నేను కోటు మడత పెడుతున్నాను. ఆయన దాని చేతిని వేళ్ళతో తడిమి చూశాడు, గోళ్ళ సందుల్లోని ఎర్రమట్టి దానికి అంటుతుందేమోనని భయపడుతూ. నెలల తర్వాత మొదటిసారి నా మొహంలోకి చూశాడు.

"అమ్మతో నాను మాట్లాడేసేను. ఈసారి ఓడా లేదు, ఏటీ లేదు. నీకేది కావాలో అదే రాయి. పెద్దదే రాయి."

ఆ మాట కోసం నేను ఎంత ఎదురు చూశానో ఆయనకి తెలుసు. ఆ మాట అనడానికి ఆయన ఎంత దూరం వచ్చాడో నాకు తెలుసు.

"అలాగే నాన్నా" అన్నాను.